ఎవరు ఏం చేశారో ముందు తెలుసుకో

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ 40వ పుట్టినరోజు గడిచి నాలుగు రోజులైంది. నువ్వు తలుపు తీయగానే లైట్లు వెలగడం, మూలమూలల నుంచి నీ వాళ్లంతా ఒక్కసారిగా కేకలు వేయడం, భుజాన సంచీతో నువ్వు గుమ్మంలోనే నిలబడిపోవడం ఇంకా నా కళ్ల ముందే ఉన్నాయి. "ఇంతమందికి కృతజ్ఞతలు ఎలా చెప్పాలో తోచడం లేదు పెద్దమ్మా, గ్రూపులో అందరికీ కలిపి ఒక మెసేజ్ పెడితే సరిపోతుందా?" అని నిన్న అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ మెసేజ్ పెట్టు, తప్పేమీ లేదు. కాకపోతే అది అందినట్టు ఇచ్చే రసీదు లాంటిది. "అందరికీ" అన్న మాటను ఎవరూ తమకు చెప్పినట్టుగా తీసుకోరు. అసలు పని దాని తర్వాత మొదలవుతుంది.

కృతజ్ఞత అనే మాటను ఒకసారి విడదీసి చూడు. కృతం అంటే చేసినది, దాన్ని ఎరిగినవాడు కృతజ్ఞుడు. అంటే చెప్పడం కంటే ముందు తెలుసుకోవడం ఉందన్నమాట. ఆ సాయంత్రం నీకు కనబడింది రెండు మూడు గంటల సందడి మాత్రమే. దాని వెనక మూడు వారాల పని ఉంది, అందులో నీకు తెలిసింది పావు వంతు కూడా ఉండదు. అందుకని ముందు నీ భార్యను కూర్చోబెట్టి, ఈ ఆలోచన ఎప్పుడు వచ్చింది, మొదట ఎవరికి చెప్పింది, ఎక్కడెక్కడ గుట్టు బయటపడబోయింది, ఎవరు సర్దారు అని మొదటి నుంచి అడుగు. ఫోన్ పక్కన పెట్టి విను. ఇన్నాళ్లూ నీ దగ్గర దాచడానికి నానా తంటాలు పడిన మనిషికి, ఆ కథంతా నీకే చెప్పుకోవడాన్ని మించిన సంతోషం ఉండదు. నీ దగ్గర నోరు జారుతుందేమోనని నీ కొడుకు రెండు రోజులు నీకు ఎదురుపడకుండా తిరిగిన సంగతి నీకు తెలుసా? బెలూన్లు ఊది ఊది వాడి బుగ్గలు నొప్పి పుట్టాయి. లేని పని కల్పించి నిన్ను ఆఫీసులో ఏడింటి దాకా ఆపిన నీ స్నేహితుడు, నువ్వు విసుక్కుంటుంటే ఆ మాటలన్నీ నవ్వుతూ పడ్డాడు. ఇటువంటివి వింటూ ఒక కాగితం మీద రాసుకో. ఆ కాగితమే నీ పనికి ఆధారం.

ఇది నేను పొరపాటు చేసి నేర్చుకున్న సంగతి. నా 60వ పుట్టినరోజుకు నా తమ్ముళ్లు ఇలాగే చేస్తే, ఎదురుగా నిలబడ్డ వాళ్లందరినీ పేరుపేరునా మెచ్చుకుని, నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆరు నెలల తర్వాత మాటల సందర్భంలో తెలిసింది. చంటిపిల్ల ఏడిస్తే గుట్టు రట్టవుతుందని, నా చిన్న మరదలు గంటకు పైగా వెనక గదిలో చీకట్లో బిడ్డను భుజాన వేసుకుని నడుస్తూనే ఉందట. అందరూ అంత కష్టపడింది ఏ క్షణం కోసమో, ఆ క్షణాన్ని ఆమె చూడనే లేదు. ఆ రాత్రే ఆమెకు ఉత్తరం రాశాను. ఉత్తరం అందిన తర్వాత ఫోన్ చేసి, "ఆ సంగతి మీకెలా తెలిసింది వదినా?" అని ఒక్కటే అడిగింది. ఆలస్యమైందని మానేయకూడదని కూడా నాకు అప్పుడే తెలిసింది.

ఇక ఏం చెప్పాలన్నది. మనం చాలావరకు మన సంగతే చెబుతాం: నాకు చాలా ఆనందమైంది, నా జీవితంలో మరచిపోలేని రోజు, అని. అది అబద్ధం కాదు కానీ, ఆ వాక్యాల్లో ఎదుటి మనిషి కనబడడు. సారా ఆల్గో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు దంపతులు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకునే తీరును పరిశీలించి 2016లో ప్రచురించారు. తనకు కలిగిన లాభాన్ని చెప్పుకున్న మాటల కంటే, ఎదుటివారి గుణాన్ని మెచ్చుకున్న మాటలే విన్నవారి మనసుకు ఎక్కువగా తాకాయని వారు గమనించారు. మన ధన్యవాదం అనే మాటలోనూ ఉన్నది అదే కదా, "నువ్వు ధన్యుడివి" అని పలకడం! కాబట్టి నీ స్నేహితుడికి "థాంక్స్‌రా, అదిరిపోయింది" అని ఊరుకోకుండా, "నేను అంత చిరాకు పడుతున్నా నువ్వు ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు, నా కోసం అంత ఓర్పు పట్టావు" అని రాసి చూడు.

సొంత మనుషులకు ఇలా చెప్పడం ఎబ్బెట్టుగా ఉంటుందని నువ్వు అంటావు, నాకు తెలుసు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కృతజ్ఞతా లేఖలు రాసినవారిని, అందుకున్నవారిని వేరువేరుగా ప్రశ్నించారు. అందుకున్నవారికి ఇబ్బందిగా ఉంటుందని రాసినవారు ఊహించుకున్నంత ఇబ్బంది వారికి కలగలేదు, ఆశ్చర్యం, సంతోషం మాత్రం ఊహించిన దానికంటే ఎక్కువే కలిగాయి. ఆ బెరుకు మన వైపు నుంచే తప్ప వాళ్ల వైపు నుంచి కాదు. నోటితో చెప్పలేకపోతే నాలుగు వాక్యాలు చేత్తో రాసివ్వు. చిన్న అక్షరాలు చదవలేని మీ మామయ్యకు మాత్రం ఫోన్ చెయ్యి. నీ కొడుక్కి ఉత్తరాలూ ఫోన్లూ అక్కర్లేదు, వాడి పక్కన నేల మీద కూర్చుని, రహస్యాన్ని కడుపులో దాచుకున్నందుకు నేరుగా మెచ్చుకో.

ఆ సాయంత్రం నువ్వు నాలుగైదు సార్లు "ఎందుకు ఇవన్నీ పెట్టుకున్నారు" అన్నావు. మర్యాద కోసమే అన్నావు, కానీ అంత శ్రమపడ్డవాళ్లకు ఆ మాట, మీరు చేసింది అనవసరం అన్నట్టు వినబడుతుంది. ఇకమీదట అనకు. ఖర్చు ఎంతయింది, ఎవరు ఎంత వేసుకున్నారు అని ఆరా తీయడం, ఆ డబ్బు తిరిగి ఇవ్వబోవడం అసలే వద్దు. ఆప్యాయతగా చేసినదాన్ని అప్పు పద్దులోకి తోసినట్టవుతుంది. వచ్చే ఏడు వాళ్లకూ ఇలాగే చేస్తానని మాట ఇచ్చేయకు, అందరికీ ఇటువంటి ఆశ్చర్యాలు నచ్చవు. నిజానికి నీకూ మొదటి పది నిమిషాలు నచ్చలేదు. పాత చొక్కాతో, చెమటలు కక్కుతూ అంతమంది ముందు నిలబడ్డావు కదా! నీ ముఖం చూసి నీ భార్య కంగారుపడింది. ఆ మాట దాచకుండా ఆమెకు చెప్పు, కానీ కృతజ్ఞత చెప్పే రోజునే చెప్పకు, కొన్నాళ్లు ఆగు.

ఫోటోల విషయం. ఎవరెవరు ఏ ఫోటోలో ఉన్నారో చూసి, ఎవరివి వారికి విడిగా పంపు. ఆ సాయంత్రమంతా ఫోటోలు తీసిన మీ పక్కింటి అమ్మాయి ఒక్క ఫోటోలోనూ లేదు, ఆ అమ్మాయిని పిలిచి మీ అందరితో కలిపి ఒకటి తీయించు. రావాలనుకుని రాలేకపోయిన వాళ్ల పేర్లు కూడా నీ భార్యకు తెలుసు, వాళ్లకూ ఒక మాట చెప్పు.

నాకు ప్రత్యేకంగా ఏమీ రాయనక్కర్లేదు. నేను చేసిన పనల్లా ఒక్కటే, మోకాలి నొప్పి వల్ల ఎక్కడికీ కదలలేనని ముందు రోజు నీకు ఫోన్లో అబద్ధం చెప్పడం. నువ్వేమో అది నమ్మి, మర్నాడు పొద్దున్నే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నావు. అది ఇంకా రద్దు చేయలేదట, ముందు ఆ పని చూడు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ