పాత గంటల గడియారం కొనేవాళ్ళు ముందు దాని గంట వినండి

"హాల్లో పెట్టుకోవడానికి గంటలు కొట్టే పాతకాలపు గోడ గడియారం కొనాలనుకుంటున్నాం. మెల్లగా ఇంకొన్ని సేకరించాలని కూడా ఉంది. ఏ కంపెనీది మంచిది, ఏం చూసి ఎంచుకోవాలి?" అని అడిగారు.

కంపెనీ సంగతి తర్వాత. ముందు గంట వినండి. షాపతను ఎన్ని కబుర్లు చెప్పినా, పెట్టె ఎంత నిగనిగలాడుతున్నా, మీ ఎదురుగా పెద్ద ముల్లు పన్నెండు మీదికి తెచ్చి గంట కొట్టించి వినిపించని గడియారానికి రూపాయి కూడా ఇవ్వకండి. చెక్క అందం నెల తిరిగేసరికి గోడలో కలిసిపోతుంది. దాని వైపు చూడటం కూడా మానేస్తారు. గంట మాత్రం అలా వదలదు. గంటకి అన్ని దెబ్బలు, అరగంటకి ఒక దెబ్బ కొట్టే మామూలు గడియారం 24 గంటల్లో మొత్తం 180 సార్లు కొడుతుంది. అది రేకు డబ్బా మీద గరిటె పెట్టి కొట్టినట్టుంటే, పది రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరు దాని నోరు మూయిస్తారు. అలా నోరు మూసుకుని వేలాడుతున్న గడియారాలు చాలా ఇళ్ళలో చూశాను. చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ గడియారాల్లో సుత్తి వెళ్ళి తగిలేది మూడు రకాల వాటిలో ఒకదానికి. గిన్నెలాంటి చిన్న గంట, చుట్టలా చుట్టిన ఉక్కు తీగ, లేదా వరసగా వేలాడే కడ్డీలు. గిన్నె గంట మరీ చురుగ్గా, స్కూలు బెల్లులా మోగుతుంది. కడ్డీల మోత మెత్తగా, తియ్యగా ఉంటుంది. నా మనసు మాత్రం చుట్ట తీగ మీదే. దెబ్బ పడ్డాక ఆ "ఢంమ్" అనే శబ్దం చెక్క పెట్టెలోకి దిగి, నెమ్మదిగా సాగి, పక్క గదిలోకి వెళ్ళాకే ఆగుతుంది. పాత పెంకుటింట్లో పెరిగిన వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రాత్రి మెలకువ వస్తే టైమ్ చూడటానికి లేచేవాళ్ళు కాదు, పడుకునే లెక్కపెట్టుకునేవాళ్ళు.

కీ పెట్టే రంధ్రాలు ఎన్ని ఉన్నాయో కూడా చూసుకోండి. డయల్ మీద ఒకటే ఉంటే సాధారణంగా అది టైమ్ మాత్రమే చూపిస్తుంది. రెండుంటే గంటలు కొడుతుంది. మూడుంటే పావుగంటకోసారి రాగం కూడా వాయిస్తుంది. ఆ రాగం చాలావాటిలో వెస్ట్‌మిన్‌స్టర్ రాగమే. 1793లో కేంబ్రిడ్జిలోని సెయింట్ మేరీ చర్చి గడియారం కోసం కట్టారు. 1859లో లండన్ పార్లమెంటు గడియారానికి తీసుకున్నాక ప్రపంచమంతా పాకింది. పావుకి నాలుగు స్వరాలు, అరగంటకి ఎనిమిది, ముప్పావుకి పన్నెండు, గంటకి పదహారు. అంటే రోజుకి 960 స్వరాలు, వాటి మీద 156 గంట దెబ్బలు. వినడానికి స్వర్గమే. కానీ మొదటిసారి కొనేవాళ్ళు మూడు రంధ్రాల దాని జోలికి వెళ్ళొద్దనే నా అభిప్రాయం. మన ఊళ్ళలో దాన్ని విప్పి మళ్ళీ సరిగ్గా బిగించగల చేతులు చాలా తక్కువ. రెండు రంధ్రాల దానితో మొదలుపెట్టండి.

ఇక నేను కొన్న ఒక గడియారం సంగతి చెబుతాను, దాంట్లోనే మీక్కావలసిన పాఠం చాలావరకు ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో మహబూబ్ చౌక్ ఉంది కదా, అందరూ ముర్గీ చౌక్ అంటారు. 1892లో ఆస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం ఉన్న చోటు. ఆ చుట్టుపక్కల ఒక పాత సామాను కొట్టుకి నాతోపాటు గడియారాలు బాగుచేసే పెద్దాయన వచ్చారు. నేను చాచా అని పిలుస్తాను. కొట్టతను మమ్మల్ని నేరుగా ఒక పొడుగాటి గడియారం దగ్గరికి తీసుకెళ్ళాడు. పైన గుర్రం బొమ్మ, పక్కల చెక్కిన స్తంభాలు, పెట్టెకి కొత్త వార్నిష్. "అసలు సిసలు జర్మనీది సార్, లోలకం మీద చూడండి, ఆర్ఏ అని ఉంది, ఆర్ఏ క్లాక్" అన్నాడు.

చాచా ఏమీ అనలేదు. తలుపు తీసి, లోలకం విప్పి చేతికిచ్చి, టార్చి వేసి పెట్టె వెనక చెక్క చూశారు. తర్వాత నన్ను దగ్గరికి రమ్మన్నారు. "చూడు బేటా, ఇక్కడ నాలుగు పాత బొక్కలు ఖాళీగ ఉన్నయ్. గడియారం స్క్రూలేమో కొత్త బొక్కలల్ల ఉన్నయ్. పెట్టె ఒకింటిది, మిషన్ ఇంకో ఇంటిది." మిషన్ వెనక రేకు మీద చిన్న అంకెలు కూడా చూపించారు. జర్మన్ మిషన్ల మీద చాలాసార్లు రెండు అంకెలుంటాయి. ఒకటి లోలకం ఎన్ని సెంటీమీటర్లు ఉండాలో, రెండోది నిమిషానికి ఎన్ని టిక్కులో చెబుతాయి. నా చేతిలో ఉన్న లోలకం ఆ కొలతకి ఎక్కడా సరిపోలేదు. అంటే అది కూడా వేరే గడియారందే. లోలకం మీది ఆర్, ఏ అక్షరాలైతే కంపెనీ పేరే కాదు. ఎటు తిప్పితే నెమ్మదిస్తుంది, ఎటు తిప్పితే వేగం పెరుగుతుంది అని చెప్పే గుర్తులు. "ఆర్ఏ కంపెనీ" పేరు చెప్పి ధర పెంచేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను. ఎవరైనా ఆ మాట అంటే మీరు పక్క కొట్టుకి వెళ్ళిపోవచ్చు.

మేం వచ్చేస్తుంటే మూల నుంచి టంగుమని గంటలు మొదలయ్యాయి. ఎనిమిది అంకె ఆకారంలో చిన్న గడియారం. గాజు మీద దుమ్ము, డయల్ కాగితం అంచులు పచ్చబడి లేచాయి. ముళ్ళు నాలుగు చూపిస్తున్నాయి, గడియారం ఏడు కొట్టింది. కొట్టతను చెయ్యూపి, "అది ఖరాబ్ సార్, ఊరికే ఉంచాం" అన్నాడు. చాచా అక్కడే ఆగిపోయారు. "ఖరాబ్ కాలే. లెక్క తప్పింది, గంతే."

ఈ పాత అమెరికన్, జపాన్ గడియారాల్లో చాలావాటికి దెబ్బలు లెక్కపెట్టే చక్రం ముళ్ళతో సంబంధం లేకుండా తన దారిన తాను తిరుగుతుంది. దాని అంచున గాట్లు ఉంటాయి. ఒక గాటుకీ ఇంకో గాటుకీ మధ్య దూరాన్ని బట్టి ఎన్ని దెబ్బలన్నది తేలుతుంది. ఎవరైనా గంట పూర్తిగా కొట్టనివ్వకుండా ముల్లు గబగబా తిప్పేస్తే ముళ్ళు ముందుకెళ్ళిపోతాయి, లెక్క వెనకే ఉండిపోతుంది. చాచా డయల్ కింద చెయ్యి పెట్టి, లోపలున్న సన్నటి తీగని వేలితో పైకెత్తారు. గడియారం అరగంట దెబ్బ ఒకటి కొట్టింది. మళ్ళీ ఎత్తారు, ఎనిమిది. మళ్ళీ ఒకటి. మళ్ళీ తొమ్మిది. అలా పన్నెండు దాటి, ఒకటి, రెండు, మూడు కూడా కొట్టించి, నాలుగు దగ్గర చెయ్యి తీశారు. అంతసేపూ కొట్టులో ఎవరూ మాట్లాడలేదు. టీ తెచ్చిన కుర్రాడు కూడా గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చుట్ట తీగ మీద ప్రతి దెబ్బా నిండుగా పడింది. చివరి దెబ్బ దాకా వేగం తగ్గలేదంటే స్ప్రింగులో సత్తువ ఉన్నట్టే. "బాగైంది, ఇగ దీని ధర నువ్వే చెప్పు" అని చాచా కొట్టతన్నే అడిగారు. అతను మేం అనుకున్నదానికంటే ఎక్కువే చెప్పాడు, నేను బేరం ఆడకుండా ఇచ్చేశాను. ఇప్పుడు ఈ సమాధానం రాస్తున్న గదిలో ఆడుతున్నది అదే.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. పాత పెట్టెలోంచి మిషన్ పీకేసి, బ్యాటరీ మిషన్ పెట్టి అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. కొనేవాళ్ళు కూడా "కీ ఇచ్చే టెన్షన్ లేదు" అని సంతోషిస్తున్నారు. వందేళ్ళుగా ఆడిన ఇత్తడి చక్రాలు తూకానికి పోతున్నాయి. ఇంటీరియర్ వాళ్ళైతే ఒక గోడ నిండా ఆగిపోయిన గడియారాలు తగిలించి, ఒక్కోటి ఒక్కో టైమ్ చూపిస్తుంటే అదో డిజైన్ అంటున్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం ముందు జనం ఎలా కూర్చుంటారో చూడండి. గంట అయ్యే ముందు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టేదాకా కదలరు. ఆ మ్యూజియంలో ఇన్ని వేల వస్తువులుండగా జనం టైమ్ చూసుకుని మరీ వచ్చేది దాని దగ్గరికే. మోగే గడియారానికి ఉన్న బలం అది.

సరే, కంపెనీలు. అమెరికావి అన్సోనియా, సేత్ థామస్. జర్మనీవి జుంగ్‌హాన్స్, కీన్‌జిల్, మౌథె, బాణాలు అడ్డంగా పెట్టిన గుర్తున్న హాంబర్గ్ అమెరికన్. గుస్తావ్ బెకర్ అప్పటి జర్మనీది, ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. జపాన్‌ది సైకోషా, 1892లో టోక్యోలో మొదలైంది. ఇప్పటి సైకో వాచీల కంపెనీకి మూలం అదే. మొదటి గడియారానికి నా సలహా సైకోషా లేదా మామూలు జుంగ్‌హాన్స్. గట్టివి, మన మెకానిక్కులకి చెయ్యి అలవాటైనవి. గుస్తావ్ బెకర్ పేరు మీదే అతుకుల గడియారాలు ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి అనుభవం వచ్చాకే దాని వైపు వెళ్ళండి. డయల్ మీద పేరు చూసి నమ్మొద్దు. కాగితం డయల్ ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. మిషన్ రేకు మీద కొట్టిన ముద్ర చూడండి.

ఎక్కడ దొరుకుతాయంటే, హైదరాబాద్‌లో గురువారం జుమ్మెరాత్ బజార్, ముంబయిలో చోర్ బజార్, తమిళనాడులో కారైకుడి కొట్లు. అన్నిటికంటే మంచివి మన బంధువుల అటకల మీద ఉంటాయి. పెళ్ళికో, శ్రాద్ధానికో ఊరెళ్ళినప్పుడు అడగండి, బాబాయిలు, పెదనాన్నలు సంతోషంగా దింపి ఇస్తారు. అమెరికా తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువులు మామూలు మనుషులు దేశం దాటించకూడదు. మీది అలాంటిది కాదని ఆర్కియాలజీ శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకున్నాకే ప్యాక్ చేయండి.

ఇంటికి తెచ్చాక గోడకి తగిలించి చెవి పెట్టి వినండి. టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమంగా ఉండాలి. కుంటుతున్నట్టు వినిపిస్తే పెట్టె కింది భాగం వెంట్రుకవాసి అటో ఇటో జరపండి, సమం అయిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. "రోజూ ఆగిపోతోంది" అని అమ్మేసే గడియారాల్లో చాలావాటికి జబ్బు ఇంతే. టైమ్ వెనకబడితే లోలకం అడుగున ఉన్న మరని బిగించి గుండుని పైకి తేవాలి, ముందుకెళితే కిందికి దించాలి. ఎండాకాలంలో ఇనప కడ్డీ సాగి కాస్త వెనకబడటం మామూలే. గంట శబ్దం చురుక్కుమంటుంటే సుత్తి మొహాన ఉన్న తోలు ఎండి రాయిలా అయిందన్నమాట. మెత్తటి తోలు ముక్క వేయిస్తే గొంతు మారిపోతుంది.

కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె, తుప్పుకి కొట్టే స్ప్రేలు, ఏవీ పొయ్యకండి. కొన్నాళ్ళకి అవి జిగురై దుమ్ము పట్టి ఇరుసుల్ని అరగదీస్తాయి. గడియారం నూనె వేరే దొరుకుతుంది, చుక్క చాలు. కీ వారానికోసారి, ఆదివారం ఉదయమని పెట్టుకోండి. రెండు రంధ్రాలకీ ఇవ్వాలి. గంట వైపు మర్చిపోతే టైమ్ నడుస్తుంది కానీ మోత ఆగిపోతుంది. ముల్లు ఎప్పుడూ ముందుకే తిప్పండి, ప్రతి గంటా, అరగంటా పూర్తిగా కొట్టనివ్వండి. ఇల్లు మారేటప్పుడు, గోడ మీంచి దింపేముందే లోలకం విప్పి గుడ్డలో చుట్టండి. అది వేలాడేది కాగితమంత పల్చటి ఉక్కు రేకు మీద. ఆటోలో ఒక్క గుంత చాలు అది విరగడానికి.