పాతురికి ఆవ పెట్టడం

చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం మీ ఆఫీసు బెంగాలీ వాళ్లని భోజనానికి పిలిచావటగా. "వాళ్ల పద్ధతిలో గ్రిల్ చేసిన చేప ఎలా పెద్దమ్మా" అని అడిగావు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో ముప్ఫై ఏళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలిసింది చెబుతాను. ముందు చువ్వల మీద కాల్చే ఆలోచన మానుకో, చేప ఎండిపోతుంది. వాళ్లిళ్లలో ఆకులో చుట్టి కాలుస్తారు. పాతా అంటే ఆకు, అందుకే దాన్ని పాతురి అంటారు.

వాళ్ల భెట్కీయే మన పండుగప్ప. మీ డాలస్‌లో బారాముండీ అని అడుగు. ముల్లు లేని ముక్కలు ఆరు, బొటనవేలి మందంవి తెచ్చుకో. ఇలీష్, అంటే మన పులస, రుచిలో దీన్ని మించుతుంది నిజమే. కానీ దాని ముళ్లు వాళ్లు మాటల్లో పడి కూడా తీసేసుకుంటారు, మీ ఆయన వల్ల కాదు.

ఇక ఆవ. పనసపొట్టు కూరలో మీ అమ్మమ్మ ఆవ పెట్టడం చూశావుగా, పొయ్యి మీంచి దింపాకే కలిపేది, చేదెక్కుతుందని. ఇక్కడ ఆవ పొయ్యి మీదే మగ్గాలి కాబట్టి జాగ్రత్తంతా నూరడంలోనే ఉంది. నేను మొదటిసారి మిక్సీ వేడెక్కేదాకా తిప్పి, ఇంటిల్లిపాదికీ వేపాకు పచ్చడి పెట్టినంత పని చేశాను. పక్కింటి దీదీ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా మర్నాడు తన రాతి పలక పట్టుకొచ్చింది.

పసుపుపచ్చ ఆవాలు రెండు చెంచాలు, నల్లావాలు ఒకటి, గసగసాలు ఒకటి. చల్లటి నీళ్లలో ఇరవై నిమిషాలు నాననివ్వు. వేడినీళ్లు పోశావో ఘాటు చచ్చిపోతుంది. నీళ్లు వంపేసి, ఉప్పు, నాలుగు పచ్చిమిరపకాయలు వేసి, మిక్సీని ఆపి ఆపి తిప్పు. ఉప్పూ మిర్చీ కలిపి నూరితే చేదు రాదని దీదీ మాట. నాకైతే ఎప్పుడూ తప్పలేదు. పొట్టు గరగరలాడుతుంటే జల్లెడ పట్టు. అందులో అరకప్పు కొబ్బరి కోరు, పసుపు, నాలుగు చెంచాల ఆవనూనె కలిపి ముక్కలకి పట్టించి అరగంట ఉంచు. అల్లం వెల్లుల్లి జోలికి పోకు, గరం మసాలా అసలే వద్దు.

అక్కడ ఆవనూనె సీసా మీద "ఒంటికి రాసుకోవడానికి మాత్రమే" అని ఉంటుంది, కంగారుపడకు. అందులో ఎరూసిక్ ఆమ్లమనే ఒక కొవ్వు ఆమ్లం ఎక్కువని అక్కడి ప్రభుత్వం వంటనూనెగా అమ్మనివ్వదు. బెంగాల్లో తరతరాలుగా తింటున్నారు. నీకు మనసొప్పకపోతే మామూలు నూనె వేసి ఆవ ఇంకో చెంచా పెంచు. వాళ్లు పసిగడతారనుకో, అయినా తింటారు.

అరటాకు ఏషియన్ కొట్లలో గడ్డకట్టించి అమ్ముతారు. ఈనె తీసేసి, వేడి పెనం మీద రెండు వైపులా వేస్తే రంగు ముదిరి మెత్తబడుతుంది. అలా వాడ్చకుండా మడిస్తే చీలి, ఆవంతా కారిపోతుంది. ముక్క మీదా కిందా ముద్ద దండిగా ఉండాలి, పైన చీల్చిన మిరపకాయ ఒకటి, కాస్త పచ్చి నూనె. పొట్లం కట్టి నూలు దారంతో బిగించు. రేకు కాగితంలో చుట్టినా ఉడుకుతుంది గానీ ఆకు మాడిన వాసన ఎక్కణ్నించి వస్తుంది?

పెనానికి నూనె రాసి, సన్నటి మంట మీద, మూతపెట్టి, ఒక్కో వైపు ఆరేడు నిమిషాలు. ఒవెన్ అయితే 400 ఫారెన్‌హీట్‌లో పదిహేను నిమిషాలు. ఆకు అక్కడక్కడా నల్లబడాలి. అనుమానముంటే ఒక పొట్లం విప్పి చూడు, ముక్క రేకులు రేకులుగా విడిపోతే అయినట్టే. పొగ అలారం మోగుతుందేమో, కిటికీ తీసి పెట్టుకో.

పొట్లాలు వంటింట్లో విప్పకు, కంచంలోనే ఎవరిది వాళ్లు విప్పుకోవాలి. పక్కన తెల్లన్నం చాలు, పులావు చేయకు. మాటల్లో మాట, మన కోస్తా చెరువుల చేప బోలెడు కలకత్తా వెళుతుంది. వాళ్లు "చాలానీ మాఛ్", అంటే బయటి నుంచి తెప్పించిన చేప అని మూతి విరుస్తూనే కొనుక్కుంటారు. శనివారం ఆ మాటెత్తి కాస్త ఆటపట్టించు.

మీ పెదనాన్న ఇప్పుడే బజారు నుంచి వచ్చారు. పొలుసు తీయించడం మళ్లీ మరిచారు, నేనే లేవాలి.

మీ పెద్దమ్మ