హబుల్ స్పెక్ట్రోగ్రాఫ్‌ను పైన ఎలా సరిచూస్తారు?

"మా అనంతపురం కాలేజీ ల్యాబ్‌లో సోడియం దీపం పెట్టి స్పెక్ట్రోమీటర్ సరిచూసుకుంటాం. పైన తిరిగే టెలిస్కోప్‌కి ఎలా?" అని అడిగారు.

పద్ధతి మీదే. దీపం కూడా పరికరంలోనే ఉంటుంది, అంతే. మీకు 589.0, 589.6 నానోమీటర్ల పసుపు గీతలు గుర్తులైతే, 2009లో హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌కి అమర్చిన కాస్ (కాస్మిక్ ఆరిజిన్స్ స్పెక్ట్రోగ్రాఫ్) అనే, కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసి నమోదు చేసే పరికరానికి ప్లాటినం-నియాన్ దీపం గీతలు గుర్తులు. కాస్ పనిచేసేది అతినీలలోహిత కాంతిలో. అక్కడ ప్లాటినానికి బోలెడు గీతలున్నాయి.

మీ ప్రిజం టేబుల్ స్క్రూ బిగిస్తే ఇక కదలదు. కాస్‌లో గ్రేటింగ్‌ను (కాంతిని విడదీసే సన్నని గీతల పలకను) తిప్పే యంత్రం అలా కాదు, ఆగిందనుకున్నాక కూడా కాసేపు మెల్లగా జరుగుతూనే ఉంటుంది. అందుకే నక్షత్రం కాంతిని నమోదు చేస్తుండగానే మధ్యమధ్యలో దీపాన్ని వెలిగించి ఆర్పేస్తారు. దాని గీతలు ఎంత పక్కకు జరిగాయో చూసి, నక్షత్రం గీతల్ని అంతే వెనక్కి జరుపుతారు. నాకు బాగా నచ్చిన తెలివి ఇదే. హబుల్ సెకనుకు దాదాపు 7.5 కిలోమీటర్ల వేగంతో తిరగడం వల్ల గీతలు పక్కకు జరుగుతాయి, ఆ డాప్లర్ తేడా సంగతి లెక్కల్లో తేలిపోతుంది.

గీత ఎక్కడుందో దీపం చెబుతుంది సరే, వెలుగు ఎంతో చెప్పలేదు. దాని కాంతి టెలిస్కోప్ పెద్ద అద్దం మీదుగా రాదు కదా! వెలుగు కొలతకు జీ191-బీ2బీ, జీడీ 71, జీడీ 153 అనే శ్వేత కుబ్జ నక్షత్రాలే (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రాలే) ఆధారం. వాటి వాతావరణం దాదాపు అంతా హైడ్రోజనే కాబట్టి ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగు రావాలో సిద్ధాంతంతోనే లెక్కకట్టొచ్చు. పరికరం సున్నితత్వం కాలంతో పాటు తగ్గుతుంటుంది, అందుకని ఈ కొలత మళ్లీ మళ్లీ తీసుకోవాల్సిందే.