బల్బుకీ వీపుకీ మధ్య

అమ్మలూ,

నిన్న రాత్రి గుంటూరు నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఇది మినియాపొలిస్‌లో బుద్ధిగా ఉద్యోగం చేసుకుంటోందనుకున్నాను. ఇంట్లో ఉడుమును పెట్టుకుందట, దానికి బీరువా కడుతోందట" అని ఒకటే గోల. ఉడుము కాదే, ఇగువానా, ఆకులూ కాయలూ తిని బతుకుతుంది అని సర్దిచెప్పాను. నువ్వు దుకాణంలో కొనకుండా నీ చేత్తో కడుతున్నావంటే గర్వంగానే అనిపించింది. కానీ మీ అమ్మ మాటల్లో ఒకటి దొర్లింది, దానికి వేడినిచ్చే బల్బును లోపలే పైతట్టు దగ్గర క్లిప్పుతో తగిలిస్తానన్నావట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ క్లిప్పు ఇంకా పెట్టకపోతే ఆగు. పెట్టేసి ఉంటే ముందు వెళ్లి తీసేసి వచ్చి, తర్వాత ఈ ఉత్తరం చదువు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ముప్పావు అంగుళం ప్లైవుడ్ చాలు. సీడర్ చెక్క వద్దు, ఆ ఘాటు వాటికి పడదు. నీళ్లతో చేసిన పాలియురెథేన్ వార్నిష్ మూడు పూతలు వేసి, వాసన పూర్తిగా పోయేదాకా తలుపులు తెరిచి ఉంచు. బోను ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవు, మూడడుగుల లోతు ఉండాలి. ఇప్పుడు జానెడు ఉందని మోసపోకు. మగదైతే తోకతో కలిపి ఐదారడుగులు పెరుగుతుంది.

అరల విషయంలో మాత్రం తొందరపడకు. ఇగువానా చెట్ల మీద బతికే జీవి. మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఏటి ఒడ్డు చెట్ల కొమ్మల మీద ఉంటుంది. నువ్వు ఎన్ని అరలు పెట్టినా అది ఎక్కేది అన్నిటికంటే ఎత్తయిన దాని మీదకే. అందుకని ముందు పై అర ఎక్కడో తేల్చుకో, మిగతావి దాన్నిబట్టి కిందకి దించుకుంటూ రా. ఒకదాని నెత్తిన ఒకటి పెట్టకు, పైది కిందిదానికి నీడ అవుతుంది, పెంట కూడా దాని మీదే పడుతుంది. మెట్లలాగా అటొకటి ఇటొకటి పెట్టి, మధ్యలో దాని నడుమంత లావు కొమ్మలు వాలుగా వెయ్యి. నాలుగైదు కిలోల జంతువు పై నుంచి దూకితే పలచటి ప్లైవుడ్‌లోకి బిగించిన స్క్రూలు ఊడివస్తాయి, అందుకని అర కింద పట్టీలను లోపలి ఫ్రేము కర్రకే బిగించు. పలకను పట్టీల మీద ఊరికే ఆనించు, కడగడానికి తీసుకోవచ్చు. నున్నటి పలక మీద గోళ్లు జారతాయి. అలాగని ఉచ్చుల్లాంటి పోగులున్న కార్పెట్ వెయ్యకు, గోరు ఇరుక్కుంటే లాక్కుని వేలు విరగ్గొట్టుకుంటుంది.

ఇక అసలు విషయం. మా ఇగువానా చిలక సంగతి నీకు తెలుసు, కానీ దాని వీపు మీద మచ్చ ఎలా వచ్చిందో నీకెప్పుడూ చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

2003లో మీ అన్నయ్య తొమ్మిదేళ్ల వాడు. అప్పుడు తెచ్చాం దాన్ని. ఆకుపచ్చగా, అడుగు పొడవు ఉండేది, అందుకే చిలక అని పిలిచాడు. నేను పాత పుస్తకాల బీరువా తలుపులు ఊడదీసి, జాలీ కొట్టి ఇల్లు చేశాను. పై అరకు అడుగు ఎత్తున, లోపలే, క్లిప్పుతో వంద వాట్ల బల్బు. చెక్క మీద థర్మామీటరు పెట్టి చూస్తే 95 డిగ్రీల ఫారన్‌హీట్, పుస్తకంలో రాసినట్టే. అంతే, ఇక ఆ లెక్క మళ్లీ చూడలేదు. రెండేళ్లలో చిలక నాలుగడుగులైంది. పలకకీ బల్బుకీ మధ్య దూరం అదే, కానీ దాని వీపు మాత్రం బల్బుకి దగ్గరవుతూ వచ్చింది. 2005 జనవరిలో మా కొలంబస్‌లో చలి మరీ ఎక్కువై, పాపం దానికి చలేస్తోందని నూటయాభై వాట్ల బల్బు మార్చాను. ప్రేమతోనే మార్చాను. కొలవలేదు.

నాలుగు రోజులకి మీ అన్నయ్య వచ్చి, "అమ్మా, చిలక వీపు మీద నల్లగా ఉంది" అన్నాడు. ఇగువానా కుబుసం పాములాగా ఒక్కసారిగా ఊడదు, ముక్కలు ముక్కలుగా రంగు మారి రాలుతుంది. కుబుసం లేరా అని వంట చేసుకుంటూనే అన్నాను. వాడు మర్నాడు మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. ఆరో రోజు ఎత్తుకుంటే చేతికి తడి తగిలింది. బల్బు వెలుతురులో చూస్తే వెన్ను మీద నా అరచేతిలో సగం మేర చర్మం ఉడికిపోయి, అంచులు లేచి ఉన్నాయి. వీపు మీద దువ్వెన పళ్లలా వరసగా ఉంటాయే ముళ్లు, వాటిలో ఆరు మాడి నల్లటి మోడులయ్యాయి.

కాలుతుంటే పక్కకి ఎందుకు జరగలేదమ్మా అని వాడు ఏడుస్తూ అడిగాడు. నేను అదే మాట జంతువుల డాక్టరుగారిని అడిగాను. ఒక్క బల్బు ఒక్క చోటే కాలుస్తుంది, మిగతా ఒళ్లంతా చల్లగానే ఉంటుంది, ఒళ్లు వెచ్చబడలేదు కాబట్టి అది అక్కడే పడుకుంటుంది అన్నారాయన. పై నుంచి అలా కాలుతుంటే వాటికి మనలాగా చప్పున తెలియదట. రోజుకి రెండుసార్లు మందు రాస్తూ మూడు నెలలు తిరిగాం. గాయం మానింది, ఆ ఆరు ముళ్లూ మళ్లీ రాలేదు. 2018లో పోయేదాకా, పళ్లు విరిగిన దువ్వెనలాంటి ఆ ఖాళీని రోజూ చూశాను. పిల్లవాడు రెండుసార్లు చెప్పినా వినలేదన్నది ఇప్పటికీ గుచ్చుతుంది.

కాబట్టి విను. బల్బులన్నీ బోను బయట, జాలీకి పైన ఉండాలి. తప్పనిసరై లోపల పెడితే చుట్టూ తీగ బుట్ట ఉండాలి, ఆ బుట్ట కూడా అది ఎగబాకి పట్టుకోలేనంత దూరంలో ఉండాలి. ఉడుంపట్టు అంటామే, దీని గోళ్లకీ అంత పట్టూ ఉంది. ఒక్క పెద్ద బల్బు బదులు తక్కువ వాట్లవి రెండో మూడో వరసగా పెట్టు, మెడ నుంచి తోక మొదలు దాకా ఒకేలా వేడి తగలాలి. 95 డిగ్రీలు అర పలక మీద కొలవకు. నాలుగంగుళాల చెక్క దిమ్మ పై అర మీద పెట్టి, దాని మీద కొలువు. పెరిగిన ఇగువానా వీపు ఉండేది అక్కడ. బల్బు మార్చినప్పుడల్లా, చలికాలం మొదలైనప్పుడల్లా మళ్లీ కొలువు. వేడి పెరిగితే బల్బును తనంతట తనే తగ్గించే డిమ్మర్ థర్మోస్టాట్ కూడా పెట్టు, ఖర్చని చూడకు.

మన గుంటూరు ఇంటి ప్రహరీ మీద పొద్దున్నే తొండలు తలలాడిస్తూ కూర్చునేవి, నీకు గుర్తుందో లేదో. తాతయ్య కాఫీ తాగుతూ వాటినే చూసేవారు. ఎండ ముదిరేసరికి ఒక్కొక్కటీ గోడ అవతలి నీడలోకి జారుకునేది. వెచ్చగా కావాలంటే ఇటు, చాలనుకుంటే అటు. నీ బోనులో కూడా ఆ అవతలి వైపు ఉండాలి, 80 డిగ్రీలు దాటని అర ఒకటి, ఆకుల మాటున.

కిటికీ ఎండ వస్తోంది కదా, మళ్లీ ట్యూబులైటు ఎందుకు అనుకోకు. ఎముకలు గట్టిపడాలంటే కావలసిన యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు కిటికీ అద్దంలోంచి రావు. అవి లేక దవడలు మెత్తబడిపోయిన పిల్ల ఇగువానాలను ఆ డాక్టరుగారి దగ్గరే చూశాను. పొడవాటి ట్యూబు పెట్టు, దూరం డబ్బా మీద రాసినంతే ఉంచు, వెలుగుతోంది కదా అని ఊరుకోకుండా ఏడాదికోసారి మార్చు. రాత్రి మాత్రం చీకటి ఉండాలి. వెలుతురు రాని సిరామిక్ హీటరుతో 75 తగ్గకుండా చూడు. చలికి బిగుసుకుపోయి ఇగువానాలు చెట్ల మీద నుంచి రాలిపడొచ్చని మయామి వాతావరణ కార్యాలయం 2020 జనవరిలో జనాన్ని హెచ్చరించింది. వెచ్చటి ఫ్లోరిడాలోనే అలా ఉంటే నువ్వున్నది మినసోటాలో. కరెంటు పోతే దాన్ని ఎక్కడికి తీసుకెళ్తావో ఇప్పుడే అనుకో. ఆ గదిలో పొగ అలారం పనిచేస్తోందో లేదో ఇవాళే నొక్కి చూడు. అరలు వంటింటి సింకులో కడగకు, సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది.

తిట్టాననుకోకు. నీ వయసులో నాకు డ్రిల్లు పట్టుకోవడమే రాదు. ఫోటోలో నువ్వు వేసిన ఆ ఫ్రేము మూలలు చూశాను, ఎంత చక్కగా కుదిరాయో.

దూరం నుంచే వేడి కొలిచే గన్ థర్మామీటరు ఒకటి పార్సిల్‌లో పంపుతున్నాను. ఇంకొకటి, చిలక రెండో ఇంటి పై అర పలక ఇంకా మా గ్యారేజీలోనే ఉంది. నలభై అంగుళాల పొడవు, పధ్నాలుగు వెడల్పు, దాని నిండా గోళ్ల గీతలు. నీ కొలతలకి సరిపోతే చెప్పు, బాగా కడిగి, ఎండబెట్టి పంపుతాను.

మీ పెద్దమ్మ