అరటి తొక్క పొగ తాగితే నిజంగా మత్తు ఎక్కుతుందా?

ఎక్కదు, ఇది 1967లో అమెరికా హిప్పీల నోట పడి దేశమంతా పాకిన వదంతి.

తొక్కలో సెరటోనిన్ (మెదడులో సంకేతాలు మోసే రసాయనం) ఉన్న మాట నిజమే. కానీ రక్తంలో చేరిన సెరటోనిన్‌ను మెదడు రక్షణ పొర లోపలికి రానివ్వదు. మరి కొందరికి తేలిపోతున్నట్టు ఎందుకు అనిపించింది? మత్తు వస్తుందన్న గట్టి నమ్మకమే అందుకు చాలు. పైగా 1966 అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్రం భ్రాంతి కలిగించే మత్తుమందు ఎల్‌ఎస్‌డీని నిషేధించింది. ఏ కొట్టులోనైనా దొరికే పండును ఏ చట్టం ఆపుతుందన్న ధీమా ఈ వదంతికి ఊపిరి పోసింది.

ఉదాహరణకు, 1967 మార్చిలో ‘బెర్క్‌లీ బార్బ్’ పత్రిక తయారీ విధానాన్నే అచ్చువేసింది: తొక్క లోపలి పీచు గీకి, ఉడికించి, నల్లటి పొడి అయ్యేదాకా ఓవెన్‌లో ఎండబెట్టి, చుట్ట చుట్టి కాల్చడం. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని కొట్టిపారేయకుండా ప్రయోగశాలలో పరీక్షించింది. అది చేయాల్సిన పనే. భ్రాంతి కలిగించే పదార్థాలేవీ కనబడలేదని మే నెలలో ప్రకటించింది.

గాయకుడు డొనోవన్ పాడిన ‘మెలో యెల్లో’ పాట అరటి తొక్క గురించేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఆ పాట 1966లోనే విడుదలైంది. వదంతి వ్యాపించాక జనమే ఆ అర్థం అంటగట్టారు.