ఫ్రోడో ఎక్కడికీ పోలేదు, ఆరో ఖండంలో ఉన్నాడు

తమ్ముడూ, నీ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ పుస్తకంలో పేజీలేం ఊడిపోలేదు. రెండో భాగం చివర కథానాయకుడు ఫ్రోడో శత్రువులకు చిక్కాడు, మూడో భాగం ‘రిటర్న్ ఆఫ్ ది కింగ్’లో సగం చదివినా అతని ఊసే లేదు, ఆపేద్దామా అన్నావు గదా. ఆపమాకు. టోల్కీన్ రాసింది మూడు నవలలు కాదు, ఆరు ఖండాల ఒకే కథ. ఖర్చుకు భయపడి ప్రచురణకర్తలు 1954, 1955ల్లో మూడు సంపుటాలుగా తెచ్చారు. నీ చేతిలో ఉండేది ఐదు, ఆరు ఖండాలు. ఐదో ఖండంలోని 10 అధ్యాయాలూ యుద్ధం వైపే. ఆరో ఖండం మొదటి అధ్యాయంలోనే ఫ్రోడో, అతని తోడు సామ్ దగ్గరికి వస్తావు.

అట్టాగని ముందుకు దూకబాక! ఐదో ఖండం చివర శత్రువు దూత ఒకడు వచ్చి కొన్ని వస్తువులు చూపిస్తాడు. ఫ్రోడో ఏమయ్యాడో తెలియకుండా చదివితేనే ఆ చోట గుండె జారేది. ఒంగోలు నుంచి పినాకిని రైల్లో వస్తా అది చదివాను, పెన్న వంతెన ఎప్పుడు దాటామో తెలీలా.

యుద్ధం వైపూ ఫ్రోడో వైపూ ఏ రోజు ఏం జరిగిందో వెనక అనుబంధం ‘బి’లో తేదీలతో ఉంటుంది. కథ అయ్యాకే తెరువు, ముగింపు కూడా అందులోనే ఉండాది.