పుస్తకాలు చదివి డిస్ట్రిబ్యూటెడ్ బిజినెస్ సాఫ్ట్‌వేర్ డిజైన్ నేర్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: నాలుగేళ్లుగా చిన్న చిన్న వెబ్ అప్లికేషన్లు రాస్తున్నారు. ఇప్పుడు ఆర్డర్లు, స్టాక్, బిల్లింగ్ లాంటివి వేర్వేరు కాంపోనెంట్లుగా, వేర్వేరు సర్వర్ల మీద నడిచే సిస్టమ్‌ని డిజైన్ చేయడం నేర్చుకోవాలి. చెప్పేవాళ్లు పక్కన ఎవరూ లేరు, పుస్తకాలే దిక్కు. ఏవి ముందు చదవాలి, అసలు చదివితే వస్తుందా అని.

వస్తుంది. నేనూ అలాగే నేర్చుకున్నాను. కాకపోతే మొదటి రెండేళ్లూ తప్పుగా నేర్చుకున్నాను. అందులో సగం తప్పు పుస్తకానిదైతే మిగతా సగం చదివిన నాది.

2002లో నా చేతికొచ్చింది ఎంటర్‌ప్రైజ్ జావా బీన్స్ (సర్వర్ మీద నడిచే వ్యాపార కాంపోనెంట్లను జావాలో రాసే పద్ధతి) మీద రాసిన ఒక లావుపాటి పుస్తకం. అప్పటికే కొంచెం పాతది, 1.1 వెర్షన్ నాటిది. ఆ వెర్షన్‌లో ఎంటిటీ బీన్‌ని, అంటే డేటాబేస్‌లోని ఒక రికార్డుకు ప్రతినిధిగా ఉండే ఆబ్జెక్ట్‌ని, పిలవాలంటే ఇంకో మెషిన్ నుంచి పిలిచినట్టు పిలిచే రిమోట్ ఇంటర్‌ఫేస్ ఒక్కటే దారి. అదే ప్రాసెస్‌లో నేరుగా పిలిచే లోకల్ ఇంటర్‌ఫేస్ అనేది 2001లో 2.0తో వచ్చింది. ఆ సంగతి నాకు తెలియదు, పుస్తకంలో లేదు కాబట్టి ప్రపంచంలో లేదనుకున్నాను. ఆ పుస్తకం పదేపదే చెప్పిన మాట ఒకటుంది: ఆబ్జెక్ట్ పక్కనే ఉన్నా, ఇంకో మెషిన్ మీద ఉన్నా మీరు రాసే కోడ్ ఒకటే, ఎక్కడుందో మీకు అనవసరం. చదువుతుంటే ఎంత హాయిగా ఉండేదో! వ్యాపారంలో కనిపించిన ప్రతి నామవాచకాన్నీ ఒక రిమోట్ ఆబ్జెక్ట్ చేసేశాను. కస్టమర్ ఒకటి, ఆర్డర్ ఒకటి, ఆర్డర్‌లోని ప్రతి లైనూ ఒకటి, పన్ను ఒకటి. గోడకు అంటించిన డయాగ్రమ్ చూసి అందరూ మెచ్చుకున్నారు కూడా.

లెక్క చూడండి. మా పెద్ద ఆర్డర్లలో 40 లైన్లు ఉండేవి. స్క్రీన్ మీద ఒక్కో లైన్ చూపించడానికి ఎనిమిది వివరాలు కావాలి, ఒక్కో వివరానికి ఒక గెట్ మెథడ్. వెబ్ సర్వర్ ఒక మెషిన్ మీద, బీన్స్ ఇంకో మెషిన్ మీద. అంటే ఒక్క ఆర్డర్ తెరిస్తే 320 సార్లు నెట్‌వర్క్ దాటి వెళ్లి రావాలి. ఆఫీసు లోపల ఒక్కో రాకపోకకు రెండు మూడు మిల్లీసెకన్లే కాబట్టి మొత్తం సెకను లోపే తేలేది, ఎవరూ పట్టించుకోలేదు. దూరంగా ఉన్న బ్రాంచిలోనూ ఒక వెబ్ సర్వర్ పెట్టి, బీన్స్‌ని మాత్రం ఇక్కడే ఉంచాం. ఆ లింక్ మీద వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు. 320ని 40తో గుణిస్తే దాదాపు 13 సెకన్లు. ఒక్క ఆర్డర్ చూడటానికి! నేను టెస్ట్ చేసినప్పుడల్లా మూడు లైన్ల ఆర్డర్‌తో, అంతా ఒకే మెషిన్ మీద పెట్టుకుని చేశాను. పుస్తకంలోని ఉదాహరణా అంతే ఉంది మరి.

సరిచేయడం కష్టం కాలేదు. స్క్రీన్‌కి కావలసిందంతా ఒకే కాల్‌లో మూటకట్టి పంపేలా మార్చాం. దానికి అప్పట్లో ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్ అని ప్యాటర్న్ పేరు కూడా ఉంది. నన్ను బాధపెట్టింది వేరే సంగతి. ఆబ్జెక్ట్ ఎక్కడుందో అనవసరం అనే ఆలోచన తప్పని 1994లోనే సన్ మైక్రోసిస్టమ్స్‌లో జిమ్ వాల్డో, ఆయన సహచరులు ఒక చిన్న వ్యాసంలో విడమరిచి రాశారు. ఆలస్యం, మెమరీని అందుకునే తీరు, సగం మాత్రమే పాడవడం, ఒకేసారి జరిగే పనులు, ఈ నాలుగింటిలో లోకల్ కాల్‌కీ రిమోట్ కాల్‌కీ పోలికే లేదని. నా పుస్తకం అచ్చయ్యేనాటికే ఆ వ్యాసం వచ్చి ఏళ్లు గడిచాయి. ఆబ్జెక్ట్‌లను డిస్ట్రిబ్యూట్ చేయకపోవడమే వాటిని డిస్ట్రిబ్యూట్ చేయడంలో మొదటి నియమం అని సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద పుస్తకాలు రాసే మార్టిన్ ఫౌలర్ రాసింది 2002లో. సరిగ్గా నేను డయాగ్రమ్ గోడకు అంటిస్తున్న ఏడాది.

అందుకే నా మొదటి సలహా పుస్తకం పేరు కాదు. ఏ పుస్తకం తెరిచినా ముందు అచ్చయిన ఏడాది చూడండి. తర్వాత, ఇది ఒక టెక్నాలజీని ఎలా వాడాలో చెబుతోందా, లేక ఒక సమస్య ఎందుకు వస్తుందో చెబుతోందా అని చూడండి. వేర్వేరు మెషిన్ల మీది ఆబ్జెక్ట్‌లను కలిపే టెక్నాలజీలే చూడండి: కోర్బా మొదటి వెర్షన్ 1991లో వచ్చింది, డీకామ్ 1996లో, ఎంటర్‌ప్రైజ్ జావా బీన్స్ 1998లో. ఒక్కోదాని మీదా అరల కొద్దీ పుస్తకాలు వచ్చాయి. 2006లో బీన్స్ 3.0 వచ్చేసరికి బీన్‌ని సృష్టించడానికీ వెతకడానికీ రాయాల్సిన, నేను కష్టపడి కంఠతా పట్టిన హోమ్ ఇంటర్‌ఫేస్‌ల అవసరమే పోయింది. కానీ అదే పాత పుస్తకంలో ట్రాన్సాక్షన్లు (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే మార్పుల మూట), ఐసొలేషన్ లెవెల్స్ (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఒకదాని మార్పులు ఇంకోదానికి ఎంతవరకు కనిపించాలన్నది) మీద ఉన్న అధ్యాయం ఇప్పటికీ తెరుస్తుంటాను. అందులో ఒక్క పేరా కూడా మురిగిపోలేదు.

రెండో దెబ్బ ఇంకా గట్టిది, ఈసారి డబ్బుతో ముడిపడింది.

బిల్లింగ్ కాంపోనెంట్‌ని వేరే సర్వర్ మీద పెట్టాం. ఆర్డర్ పూర్తవగానే ఇన్‌వాయిస్ తయారుచెయ్యమని కాల్ వెళ్తుంది. అప్పుడప్పుడు టైమౌట్ అయ్యేది. టైమౌట్ అయితే మూడుసార్లు మళ్లీ ప్రయత్నించేలా నేనే ఒక లూప్ రాశాను, రాసినందుకు గర్వపడ్డాను కూడా. ఒక నెలాఖరున బిల్లింగ్ సర్వర్ మీద భారం పెరిగి జవాబులు ఆలస్యమయ్యాయి. మర్నాడు చూస్తే కొందరు కస్టమర్లకు ఒకే ఆర్డర్ మీద రెండేసి, ఒకరికైతే నాలుగు ఇన్‌వాయిస్‌లు. వాటిని రద్దుచేసి అకౌంట్స్ వాళ్లకు సంజాయిషీ చెప్పుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

జవాబు రాలేదంటే మూడు అర్థాలున్నాయి. మన కాల్ అక్కడికి చేరనే లేదు. చేరింది గానీ పని మధ్యలో ఆగిపోయింది. పని పూర్తయింది గానీ జవాబు దారిలో పోయింది. పిలిచినవాడికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. మన దగ్గరే నడిచే మామూలు ఫంక్షన్‌తో ఈ తంటా ఎప్పుడూ రాదు, అందుకే ఒకే ప్రాసెస్‌లో కోడ్ రాసి అలవాటైనవాళ్లకు ఇది తట్టదు. నా పుస్తకంలో రిమోట్ ఎక్సెప్షన్ వచ్చినచోట క్యాచ్ బ్లాక్‌లో ఒకే ఒక్క లైన్ ఉండేది: ఎర్రర్‌ని ప్రింట్ చెయ్యి. తొమ్మిది వందల పేజీల పుస్తకం మొదలవ్వాల్సింది సరిగ్గా ఆ లైన్ దగ్గర, రచయిత అక్కడే చేతులు దులుపుకున్నారు.

మేం చేసిన మరమ్మతు చిన్నదే. పిలిచేవాళ్లే ఒక నంబర్ తయారుచేసి కాల్‌తో పంపాలి, మళ్లీ ప్రయత్నించినా అదే నంబర్ పంపాలి. బిల్లింగ్ వైపు ఆ నంబర్‌ని ఇన్‌వాయిస్ రాసే ట్రాన్సాక్షన్‌లోనే ఒక టేబుల్‌లో రాస్తుంది, ఆ కాలమ్ మీద ఒకే విలువను రెండోసారి రానివ్వని యునీక్ కన్‌స్ట్రెయింట్ ఉంటుంది. రెండోసారి వస్తే కొత్త ఇన్‌వాయిస్ పుట్టదు, పాతదాని వివరాలే తిరిగి వెళ్తాయి. అదే ట్రాన్సాక్షన్‌లో అన్నది ముఖ్యం. ఆ రాతను ముందో వెనకో విడిగా చేస్తే మధ్యలో సర్వర్ పడిపోయినప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది. దీన్ని ఐడెంపొటెన్సీ అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఇక కాంపోనెంట్లుగా ఎక్కడ విడగొట్టాలన్నది. పుస్తకాలు అన్నిటికంటే ఎక్కువ మాట్లాడేదీ, చదివాక మనకు తక్కువగా అర్థమయ్యేదీ ఇదే. నాకు దారి చూపింది ఈ టెక్నాలజీలేవీ పుట్టకముందు, 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ రాసిన వ్యాసం. కొద్ది పేజీలే. పంక్తుల్లోని మాటలను తిప్పి తిప్పి అక్షరక్రమంలో సూచిక తయారుచేసే ఒకే చిన్న ప్రోగ్రామ్‌ని ఆయన రెండు రకాలుగా విడగొట్టి చూపిస్తారు. మొదటిది పని జరిగే అంచెల ప్రకారం: చదువు, తిప్పు, వరుసపెట్టు, ప్రింట్ చెయ్యి. రెండోది, రేపు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్నీ ఒక్కో మాడ్యూల్‌లో దాచిపెట్టే పద్ధతి. డేటాని దాచుకునే తీరు మారితే మొదటి పద్ధతిలో దాదాపు అన్నీ కదులుతాయి, రెండోదాంట్లో ఒకటే కదులుతుంది.

అది చదివి మా సిస్టమ్ వైపు చూస్తే సిగ్గేసింది. కొత్త డిస్కౌంట్ నియమం పెట్టాలంటే కస్టమర్, ఐటమ్, ఆర్డర్, బిల్లింగ్ నాలుగూ ముట్టుకోవాలి, నాలుగూ ఒకే రాత్రి డెప్లాయ్ చెయ్యాలి. అప్పుడొక పని చేశాను, మీరూ చెయ్యండి, ఏ పుస్తకమూ అక్కర్లేదు. గడిచిన ఏడాదిలో వచ్చిన మార్పుల చిట్టా తీసి, ఒక్కో మార్పుకి ఏయే మాడ్యూల్స్ ముట్టుకున్నామో కాగితం మీద గీతలు పెట్టాను. ఎప్పుడూ కలిసే మారేవి ఏవో, ఒంటరిగా మారేవి ఏవో సాయంత్రానికల్లా తేలిపోయింది. ధర నిర్ణయించడమంతా ఒక్కచోట చేరాలని ఆ గీతలే చెప్పాయి, నా నామవాచకాల డయాగ్రమ్ ఎన్నడూ చెప్పలేదు.

డేటా గురించి కూడా ఒక మాట. కాంపోనెంట్లు నాలుగు, అన్నీ రాసేది అవే టేబుల్స్‌లో అంటే అవి నాలుగు కావు, ఒకటే, కాకపోతే మధ్యలో నెట్‌వర్క్ కూడా ఉన్న ఒకటి. ఏ టేబుల్‌లో ఎవరు రాస్తారన్నది తేల్చకుండా ఇంటర్‌ఫేస్‌లు గీయడం నేల విడిచి సాము. టేబుల్స్ విడిపోయాక మాత్రం రెండుచోట్ల ఒకేసారి మార్పు జరగాలంటే ఏం చెయ్యాలన్న ప్రశ్న తప్పదు. టూ ఫేజ్ కమిట్ ఒక దారి: ముందు అందరినీ సిద్ధమా అని అడిగి, తర్వాత అందరి చేతా ఖరారు (కమిట్) చేయించడం. అందరూ సిద్ధమన్నాక కమిట్ చేయించాల్సిన కోఆర్డినేటర్ మధ్యలో పడిపోతే మిగతావాళ్లు లాక్‌లు పట్టుకుని ఎదురుచూస్తూ ఉండిపోతారు. రెండో దారి సాగా, 1987 నుంచీ ఉన్న ఆలోచన: పనిని చిన్న ట్రాన్సాక్షన్లుగా చేసుకుంటూ పోయి, మధ్యలో చెడితే అప్పటిదాకా చేసినవాటికి విరుగుడు పనులు చెయ్యడం.

ఏది వాడాలో పుస్తకం చెప్పలేదు, చెప్పడం దానివల్ల కాదు కూడా. మాకు చెప్పింది స్టాక్ చూసే ఆవిడ. ఆర్డర్‌కీ స్టాక్‌కీ మధ్య క్షణం కూడా తేడా రాకూడదని నేను వారం రోజులు కుస్తీ పడుతుంటే, "కంప్యూటర్‌లో లెక్కకీ గోదాములో సరుక్కీ ఏనాడు సరిపోయింది బాబూ? నెలకోసారి మేమే లెక్కపెట్టి దిద్దుకుంటాం" అన్నారు. అయిదు నిమిషాల తేడా ఆవిడకు ఒక లెక్కే కాదు. అదే కస్టమర్ అప్పు పరిమితి దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా దాటనివ్వకూడదని అకౌంట్స్ వాళ్లు పట్టుబట్టారు. కాబట్టి అప్పు పరిమితి, ఆర్డర్ ఖరారు ఒకే డేటాబేస్‌లో ఉండిపోయాయి, స్టాక్ మాత్రం మెసేజ్ క్యూ (సందేశాలు వరుసలో ఆగి, వీలైనప్పుడు అందే ఏర్పాటు) అవతలికి వెళ్లింది.

మరి ఏ క్రమంలో చదవాలి? నా అభిప్రాయం, ఇందులో ఒప్పుకోనివాళ్లూ ఉంటారు: ముందు డేటాబేస్ ట్రాన్సాక్షన్ల మీద ఒక మంచి పుస్తకం, తర్వాత మాడ్యూల్ డిజైన్, ఆ తర్వాత మెసేజింగ్, వైఫల్యాలు. ఈ రోజున అందరూ వాడుతున్న ఫ్రేమ్‌వర్క్ పుస్తకం అన్నిటికన్నా చివర, అది కూడా చేతిలో పని ఉన్నప్పుడే. చాలామంది దీన్ని తలకిందులుగా చదువుతారు, నేనూ అలాగే చదివాను.

చదివేటప్పుడు పక్కన ఒక ప్రోగ్రామ్ ఉండాలి. ఆర్డర్, స్టాక్, బిల్లింగ్ మూడూ ఒకే ప్రాసెస్‌లో మూడు మాడ్యూల్స్‌గా రాయండి, ఒకదాని టేబుల్స్ ఇంకోటి ముట్టుకోకూడదు, జాయిన్ కూడా కుదరదు. అది నడిచాక బిల్లింగ్ ఒక్కదాన్నే బయటికి తీసి వేరే ప్రాసెస్ చెయ్యండి. ఇక దాన్ని హింసించండి. ప్రతి కాల్‌కీ 200 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టండి. కమిట్ అయ్యాక, జవాబు పంపకముందు ప్రాసెస్‌ని చంపండి. ఒకే మెసేజ్‌ని రెండుసార్లు పంపండి. ఒక ఫీల్డ్ పేరు మార్చి, కొత్త ఆర్డర్‌ని పాత బిల్లింగ్‌తో మాట్లాడించండి. నేను చదివిన పుస్తకాలు వెర్షన్ల గురించి అర పేజీ కూడా రాయలేదు, రోజూ మెడకు చుట్టుకునేది మాత్రం అదే. చివరగా, పుస్తకంలోని ఉదాహరణలో లేని పని ఒకటి కలపండి, సగం సరుకు పంపాక ఆర్డర్ రద్దు లాంటిది. ప్రతిసారీ ఏం విరిగిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. పుస్తకంలో ఆ సమస్య గురించిన అధ్యాయాన్ని అప్పుడు తెరవండి. మీ ప్రశ్నతో మీరు వెళ్తారు కాబట్టి అదే పేజీ వేరుగా కనిపిస్తుంది. ఇలా చదివితే ఒక్క పుస్తకానికి ఆరు నెలలు పట్టొచ్చు, పట్టనివ్వండి.

నేరుగా మైక్రోసర్వీసులతో, అంటే ఒక్కో పనినీ విడిగా నడిచే చిన్న సర్వీస్‌గా చేసి, మొదలుపెట్టొచ్చా అని కూడా అడిగారు. ఈ లెక్క వేసుకున్నాక మీరే తేల్చుకోండి. ఒక్కో సర్వీస్ 99.9 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం, అంటే ఏడాదికి తొమ్మిది గంటల లోపే ఆగుతుంది. ఒక ఆర్డర్ పూర్తవ్వాలంటే అలాంటివి పది వరుసగా జవాబివ్వాలి, ఒకటి పడితే ఇంకోటి పడుతుందన్న సంబంధమేమీ లేదు అనుకుంటే, మొత్తం మీద మిగిలేది 99 శాతం. ఏడాదికి సుమారు 87 గంటలు ఆర్డర్ పడదు. వేర్వేరు టీములు వేర్వేరు వేగంతో పనిచేస్తున్నప్పుడు ఆ ఖర్చు పెట్టుకోవచ్చు. మీరు ముగ్గురే ఉన్నారని రాశారు కాబట్టి, నేనైతే ఒకే ప్రాసెస్‌లో గట్టి గోడలు కట్టుకుని, బిల్లింగ్ లాంటిది ఒక్కటి బయట పెట్టి చూస్తాను.

పుస్తకాలు తెచ్చుకునేలోపు చెయ్యగలిగింది ఒకటుంది. మీ అప్లికేషన్‌లో అందరూ ఎక్కువగా వాడే స్క్రీన్ ఒకటి తెరిచి, అది డేటాబేస్‌కి ఎన్ని క్వెరీలు పంపుతోందో లాగ్‌లో లెక్కపెట్టండి. ఆ అంకె కింద కామెంట్‌లో రాయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.